కరెంటొచ్చింది, నిద్ర రాలేదు

మా నాయన బత్తాయి తోటకు నీళ్లు పెట్టింది చాలామటుకు రాత్రిపూటే. నల్గొండ జిల్లా చండూరు పక్కన మా ఊరికి వ్యవసాయ కరెంటు వంతులవారీగా వచ్చేది. రాత్రి వంతు పడిందంటే ఒంటిగంటకో రెండింటికో లేచి, టార్చిలైటు ఒక చేత, కట్టె ఒక చేత పట్టుకుని బాయికాడికి పోయేవాడు. స్టార్టరు ఒత్తి, పాదులకు నీళ్లు మళ్లించి, కరెంటు పోయాక ఇంటికొచ్చి పడుకునేవాడు. పాములుండేవి, తేళ్లుండేవి, తడి చేతికి షాకు కొట్టే భయం ఉండేది. ఆయన తిరిగొచ్చేదాకా మా అమ్మ వాకిట్లో మంచం మీద కూర్చునే ఉండేది.

2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఇక రాత్రి పోయే పని లేదు, మనిషి కడుపునిండా నిద్రపోతాడని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. తీరా చూస్తే తోటకు పోవడం ఆగింది గానీ రాత్రి రెండింటికి వచ్చే మెలకువ ఆగలేదు. లేచి కూర్చునేవాడు, మళ్లీ పడుకునేవాడు, ఇటు దొర్లి అటు దొర్లి తెల్లారగట్ల ఎప్పుడో కునుకు తీసేవాడు. "కరెంటొచ్చింది, నిద్ర పోయింది బిడ్డా" అని నవ్వేవాడు గానీ పొద్దున ఆ కళ్లు చూస్తే నవ్వొచ్చేది కాదు.

ఒకసారి ఇంటికొచ్చిన మా మేనమామ సంగతంతా విని, "బావను కడ్తాల్ తీస్కపో. నాలుగు దినాలు ధ్యానంల కూసుంటే పసిపిల్లగానిలెక్క నిద్రపోతడు" అన్నాడు. కడ్తాల్ అంటే అక్కడి పిరమిడ్ ధ్యాన కేంద్రం. ఆ మాటలో నిజమెంత అన్నది తేల్చుకుందామని నేను చదవడం, అడగడం మొదలుపెట్టాను. మామ మాటలో సగం నిజమే ఉంది. మిగతా సగాన్ని నమ్ముకుంటే కొందరికి చేటు కూడా.

తెలుగులో 'నిద్ర చేస్తాను' అనం. చేస్తామంటే అది గుడిలోనో, కొత్త అల్లుడు అత్తారింట్లోనో చేసే నిద్ర, దానికి అర్థం వేరు. మామూలుగా మనకు నిద్ర వస్తుంది, నిద్ర పడుతుంది. ఆకలి వచ్చినట్టు, తుమ్ము వచ్చినట్టు అది దానంతటది రావాలి, మనం దారిచ్చి పక్కకు జరగాలి. ధ్యానం అట్లా కాదు. దాన్ని కూర్చుని చేయాలి. చేసే పనికీ, వచ్చే నిద్రకూ ముడి ఎక్కడ పడుతుందన్నదే అసలు ప్రశ్న.

నిద్రను నడిపేవి మూడు

'ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు' అని సామెత. దినమంతా నాటేసి వచ్చిన మనిషికి పరుపు అక్కర్లేదు, గట్టు మీద తువ్వాల పరుచుకున్నా నిద్ర ముంచుకొస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది ఎంత పేరుకుంటే నిద్ర ఒత్తిడి అంత పెరుగుతుంది, పడుకున్నాక కరుగుతుంది. చాయ్, కాఫీలలోని కెఫీన్ చేసే పనల్లా ఆ అడినోసిన్ వెళ్లి కూర్చోవాల్సిన చోట తాను కూర్చోవడం. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు హోటల్ కాడ తాగిన చాయ్ రాత్రి 11కి కూడా సగం పని చేస్తూనే ఉంటుందన్నమాట.

రెండోది ఒంట్లోని గడియారం. కళ్ల వెనక, మెదడు లోపల ఆవగింజంత చోటులో ఉన్న కణాల గుంపు వెలుతురును బట్టి పగలేదో రాత్రేదో ఒంటికి చెబుతుంటుంది. ఈ గడియారం కణాల్లో ఎట్లా తిరుగుతుందో ఈగల మీద పరిశోధన చేసి కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. ఒత్తిడి, గడియారం, ఈ రెండూ కలిసి నిద్రను నడుపుతాయని 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించాడు. నిద్ర శాస్త్రానికి ఇప్పటికీ అదే పునాది.

మా నాయన సంగతి ఈ రెండింటితోనే తేలదు. మూడోది ఒకటుంది, దాన్ని నేను కావలి అంటాను. చేను మీదికి అడవి పందులు రాకుండా మంచె ఎక్కి కూర్చునేవాడికి ఎంత అలసట ఉన్నా నిద్ర పట్టదు. ఎక్కడ ఆకు కదిలినా చెవి అటే పోతుంది. మన ఒంట్లోనూ అట్లాంటి కావలివాడు ఉన్నాడు. వాడు మేల్కొన్నాడంటే గుండె వేగం పెరుగుతుంది, కార్టిసాల్ లాంటి హార్మోన్లు పైకి లేస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి. ప్రమాదం ఉన్నప్పుడు వాడే ప్రాణం కాపాడేది. పంట ఇంటికి చేరాక కూడా వాడు మంచె దిగకపోవడంతోనే చిక్కు.

రెండింటికి లేవకపోతే నీళ్లు పారవు, పారకపోతే తోట ఎండుతుంది. ఏళ్ల తరబడి ఇది నేర్చుకున్న ఒళ్లు, కరెంటు శాఖ టైం మార్చినంత మాత్రాన మారదు. దాని మీద కొత్త భయం ఒకటి పేరుకుంది. మెలకువ రాగానే నాయన గోడ గడియారం చూసేవాడు. ఇంకా మూడు గంటలే ఉంది, ఇప్పుడు పట్టకపోతే రేపు పని ఎట్లా అని లెక్కలు వేసేవాడు. ఆ లెక్కలే కావలివాడికి కొత్త పందులు. మంచం చూస్తేనే టెన్షన్ మొదలయ్యే స్థితికి చాలామంది ఇట్లాగే వస్తారు. వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండా, మూడు నెలలకు పైగా ఇట్లా సాగితే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు.

ధ్యానం పట్టుకునేది ముఖ్యంగా ఈ మూడోదాన్నే. అది అడినోసిన్‌ను పోగుచేయదు, గడియారాన్ని తిప్పదు. కావలివాడిని మంచె దింపడానికి సాయపడుతుంది, అంతే. కానీ నిద్ర పట్టని చాలామందికి అడ్డం వాడే గనక, ఆ 'అంతే' చిన్నదేమీ కాదు.

కావలివాడు ఎట్లా దిగుతాడు

అందరికీ తెలిసిన దారి ఊపిరి. గాలి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూస్తే కొందరికి చేతికే తెలుస్తుంది. వదిలే ఊపిరిని సాగదీసి, నిమిషానికి ఆరేడు శ్వాసలకు దించితే మెదడు నుంచి గుండెకు పోయే వేగస్ అనే నరం ద్వారా గుండెకు 'నెమ్మదించు' అన్న సంకేతం బలపడుతుంది. కడ్తాల్ మహేశ్వర మహా పిరమిడ్‌తో పేరొందిన ధ్యాన గురువు పత్రీజీ శిష్యులు ఊరూరా చెప్పే 'శ్వాస మీద ధ్యాస' అన్న మాటలో ఊపిరిని మార్చమని ఉండదు, ఊరికే గమనించమని ఉంటుంది. ఊరికే గమనించినా చాలామందికి ఊపిరి తనంతట తానే నెమ్మదిస్తుంది.

రెండో దారి మనసుది. చేతిలో పనేమీ లేనప్పుడు మెదడులో కొన్ని భాగాలు కలిసి ఒక రకమైన సొంత కచేరీ మొదలుపెడతాయి. అప్పు ఎట్లా తీర్చాలి, వాడు అట్లా ఎందుకన్నాడు, బిడ్డ పెళ్లి ఎప్పుడు చేయాలి. దీపం ఆర్పగానే ఈ కచేరీ జోరందుకోవడం అందరికీ అనుభవమే. అనుభవం ఉన్న ధ్యానులు సాధనలో ఉన్నప్పుడు ఈ భాగాల చురుకుదనం తగ్గుతోందని 2011లో మెదడు స్కానింగులతో అమెరికా పరిశోధకులు చూపించారు. ఆలోచన రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. వచ్చినదాని వెంట పోకుండా, ఊపిరి దగ్గరికి తిరిగి రావడమే సాధన. పశువుల వెంట పోయే పిల్లవాడు పక్క చేలోకి దూరిన ఆవును ఒకటికి పదిసార్లు తోలుకొచ్చినట్టే ఇది. తోలుకొచ్చిన ప్రతిసారీ పని జరిగినట్టే, ఆవు పోయిందని తనను తాను తిట్టుకోనక్కర్లేదు.

మూడో దారి అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. నిద్ర పట్టాలని పడే ఆరాటమే నిద్రకు పెద్ద శత్రువు. పట్టాలి పట్టాలి అనుకునేవాడు పని చేస్తున్నాడు, పని చేసేవాడు మెలకువగానే ఉంటాడు. ధ్యానంలో నేర్చుకునేది ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వడం. 'మెలకువగా ఉన్నాను, సరే' అనగలిగిన రాత్రి ఆ ఆరాటం సగం చస్తుంది. ఇక్కడే ఒక మెలిక కూడా ఉంది. నిద్ర రావాలనే పట్టుదలతో ధ్యానం చేస్తే అది ఆరాటానికి కొత్త వేషం వేయడమే. పడుకునే ముందు ఫోన్‌లో ధ్యానం ఆడియో పెట్టుకుని 'ఇంకా రాలేదేంది' అని మాటిమాటికీ తెర చూసుకునేవాళ్లను నేను చూశాను.

ఋజువులు ఎంతవరకు?

2015లో లాస్ ఏంజిలిస్ పరిశోధకులు నిద్ర సరిగా పట్టని 49 మందిని రెండు గుంపులు చేశారు. వాళ్ల సగటు వయసు 66, అంటే మా నాయన ఈడువాళ్లే. ఒక గుంపుకు ఆరు వారాలు ధ్యానం నేర్పారు, రెండో గుంపుకు అన్నే వారాలు మంచి నిద్ర అలవాట్ల పాఠాలు చెప్పారు. ధ్యానం చేసినవాళ్ల నిద్ర ఎక్కువగా మెరుగుపడింది, పగటి అలసట కూడా తగ్గింది. 49 మంది చిన్న లెక్కే. అయితే 2019లో 18 ప్రయోగాలను, 1654 మందిని కలిపి చూసిన విశ్లేషణ కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పింది. సాధారణ తరగతులతో పోలిస్తే ధ్యానం మేలు, నిద్రకు ఇప్పటికే ఋజువైన చికిత్సలతో పోలిస్తే మాత్రం తేడా కనిపించలేదు.

ఆ ఋజువైన చికిత్సల్లో ముందు వరుసలో ఉన్నది నిద్రలేమికి ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే మందుల్లేకుండా నిద్ర గురించిన ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స. మాత్రలకంటే ముందు దాన్నే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం సిఫారసు చేసింది. మన దగ్గర అది చేయించగల నిపుణుడు జిల్లా కేంద్రంలో దొరకడమే కష్టం గనక ధ్యానానికి ఇక్కడ విలువ ఇంకాస్త ఎక్కువ. రూపాయి ఖర్చు లేదు.

మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు విపశ్యన అనే ధ్యాన పద్ధతి సాధకులను నిద్ర ప్రయోగశాలలో పరిశీలించారు. 2010లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం సాధకుల్లో గాఢనిద్ర, కలల నిద్ర, రెండూ సాధన చేయనివారికంటే మెరుగ్గా ఉన్నాయి. ఇది ఏళ్లుగా చేస్తున్నవాళ్లను చేయనివాళ్లతో పక్కపక్కన పెట్టి చూసిన పోలిక. ధ్యానం వల్లనే నిద్ర బాగుపడిందా, ధ్యానంతో పాటు వచ్చే మితాహారం, వేళకు పడుకోవడం లాంటి వాటి వల్లనా అన్నది దీంతో తేలదు.

అదే ఏడాది విల్లోబీ బ్రిటన్ బృందం అమెరికాలో చేసిన అధ్యయనంలో దీనికి ఎదురు ఫలితం వచ్చింది. డిప్రెషన్ నుంచి కొంత కోలుకున్నవాళ్లకు ధ్యానం నేర్పితే, ఎక్కువ సాధన చేసినవాళ్ల నిద్రలో మధ్యమధ్య మెలకువలు ఎక్కువయ్యాయి, గాఢనిద్ర తగ్గింది. ఇది విని సంప్రదాయం తెలిసినవాళ్లు పెద్దగా ఆశ్చర్యపోరు. ధ్యానం పుట్టింది మనిషిని నిద్రపుచ్చడానికి కాదు, లేపడానికి. బౌద్ధంలో సాధనకు అడ్డొచ్చే ఐదింటిలో మత్తు, నిద్రమబ్బు ఒకటి. భగవద్గీత ధ్యానం గురించి చెప్పే ఆరో అధ్యాయంలోనే, అతిగా నిద్రపోయేవాడికీ అసలు పడుకోనివాడికీ యోగం కుదరదని ఉంది. ముందు తగినంత నిద్ర, ఆ తర్వాతే యోగం అని గీత వరుస. మనం ఇప్పుడు దాన్ని తిరగేసి అడుగుతున్నాం.

కాబట్టి ఏ ధ్యానం, ఎంతసేపు అన్నది లెక్కలోకి వస్తుంది. దక్షిణ తెలంగాణలో ఉన్నవాళ్లకు కేంద్రాలకు కరువు లేదు. నాగార్జునసాగర్ హిల్ కాలనీలో విపశ్యన కేంద్రం ఉంది. ఒకప్పటి పాలమూరు జిల్లాలోని కడ్తాల్‌లో పిరమిడ్, కన్హాలో హార్ట్‌ఫుల్‌నెస్ అనే ధ్యాన సంస్థ వాళ్ల ఆశ్రమం ఉన్నాయి. పద్ధతులు మూడూ వేరు, ఏది గొప్పదన్న పంచాయితీలోకి నేను పోను. విపశ్యన పది రోజుల కోర్సులో తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు, ఫోన్ ముందే తీసుకుంటారు, మౌనంగా ఉండాలి, రాత్రి భోజనం ఉండదు. అక్కడికి పోయొచ్చినవాళ్లు హాయిగా నిద్ర పట్టిందంటే అందులో ధ్యానం వాటా ఎంత, ఫోన్ లేకపోవడం వాటా ఎంత అని అడగాలనిపిస్తుంది. మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు, పాత దుర్ఘటన ఏదైనా మనసును పట్టి పీడిస్తున్నవాళ్లు ఇట్లాంటి సుదీర్ఘ శిబిరాలకు డాక్టర్‌ను అడగకుండా పోకూడదు. కళ్లు మూసుకుంటే ఆందోళన పెరిగేవాళ్లు కొందరు నిజంగానే ఉంటారు.

ధ్యానం చేతకాని చోట్లు

మొదటిది గురక. పెద్దగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఒక్కసారిగా ఎగశ్వాస తీసేవాళ్లకు నిద్రలో గొంతు మూసుకుపోయే జబ్బు ఉండొచ్చు. బీపీకి, గుండె జబ్బులకు దానితో సంబంధం ఉంది. పరీక్ష చేయించాలి. శ్వాస మీద ధ్యాస ఎంత పెట్టినా నిద్రలో ఆగిపోయే శ్వాసకు అది మందు కాదు.

రెండోది నొప్పి. మా జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగిసిన పెద్దవాళ్లకు ఒత్తిగిలడమే నరకం. ధ్యానం నొప్పి చుట్టూ పేరుకునే దిగులును తగ్గించగలదు గానీ బిగిసిన వెన్నును సడలించలేదు. వాళ్లను పద్మాసనం వేయమనడం అన్యాయం కూడా. కుర్చీలో కూర్చున్నా, వెల్లకిలా పడుకున్నా ధ్యానం ధ్యానమే.

మూడోదాన్ని మన జిల్లాల్లో నోరు విప్పి చెప్పుకోవాలి, అది కల్తీ కల్లు. కల్తీ చేసేచోట్ల అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అవి నిద్రమత్తు మందులే. రోజూ తాగేవాడికి అది కల్లు ఇచ్చే నిద్ర అనిపిస్తుంది, నిజానికి అది మాత్ర ఇచ్చే నిద్ర. ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర బొత్తిగా రాదు, ఏదేదో మాట్లాడతారు, ఫిట్స్ కూడా రావచ్చు. ఆ మనిషిని తీసుకెళ్లి పిరమిడ్‌లో కూర్చోబెడితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి పోవాలి, మందును మెల్లమెల్లగా తగ్గించాలి. డాక్టర్ రాసిన నిద్రమాత్రలు ఎక్కువ కాలం వాడినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

జడ్చర్ల, చౌటుప్పల్ కంపెనీల్లో వారానికో షిఫ్టు చేసేవాళ్లది గడియారం చిక్కు. పగలు పడుకునేటప్పుడు కిటికీకి మందపాటి దుప్పటి కట్టడం వాళ్లకు ధ్యానం కంటే ముందు పని. ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో పడుకునేవాళ్లకు శత్రువు వేడి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. డాబా మీద నులక మంచం వేసుకున్న మన తాతల తెలివి అక్కడే ఉంది.

మనసు బాగా కుంగి, బతకాలనిపించక నిద్ర పట్టనివాళ్లు ధ్యానం దగ్గర ఆగకూడదు. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

నాయనతో ఏం చేశాం

కడ్తాల్ పోలేదు. "ఇంట్ల కూసుంటే దేవుడు రాడా" అన్నాడు. సాయంత్రం ఏడింటికి, అన్నం తినకముందు, వాకిట్లో మంచం మీద పావుగంట కూర్చోవడంతో మొదలైంది. పడక మీద వద్దని నేనే అన్నాను. మొదట్లో అది కూడా నిద్రకు పరీక్షలా తయారవుతుందని నా భయం. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చడం, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలడం. ఆ తర్వాత కాలి వేళ్ల నుంచి తలదాకా ఒక్కో భాగం మీద ధ్యాస నిలిపి, బిగువుంటే వదిలేయడం. దీన్ని ఎట్లా చెప్పాలో తెలియక నేను తంటాలు పడుతుంటే ఆయనే అందుకున్నాడు. "పాదు తడిసినంక మడవ దిప్పి ఇంకో పాదుకు వదిలినట్టు, అంతే గద" అన్నాడు. ఇంతకంటే మంచి వివరణ నాకు ఇప్పటిదాకా ఎక్కడా దొరకలేదు.

మొదటి పది రోజులు ఏమీ కాలేదు. రెండుసార్లు కూర్చునే గురకపెట్టాడు, పడుకున్నాక మాత్రం మళ్లీ రెండింటికే లేచాడు. ప్రయోగాల్లో ఆరు వారాలు పట్టిందని చెప్పి ఆపకుండా చూశాను. దానితో పాటు ఇంకో నాలుగు మార్చాం. గోడ గడియారాన్ని ముందరింట్లోకి మార్చాం. మధ్యాహ్నం రెండు గంటలు తీసే కునుకును అరగంటకు కుదించాం, ఎందుకంటే రాత్రికి పోగవ్వాల్సిన నిద్ర ఒత్తిడినంతా ఆ కునుకు తాగేస్తోంది. రాత్రి ఎట్లా గడిచినా పొద్దున ఐదింటికే లేవాలని పెట్టుకున్నాం. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే మంచం దిగి బయట అరుగు మీద కూర్చోవడం, నిద్రమబ్బు కమ్మాక మళ్లీ పడుకోవడం. ఇది ధ్యానుల దగ్గర తెచ్చుకున్నది కాదు, ఆ థెరపీ వాళ్ల దగ్గర తెచ్చుకున్నది.

రెండు నెలలకు తేడా తెలిసింది. ఇందులో ధ్యానం వాటా ఎంతో నేను చెప్పలేను. ఐదూ ఒకేసారి మార్చిన పాపం నాదే, పరిశోధకుడినైతే నా పని ఊడేది. మా అమ్మను అడిగితే మాత్రం గడియారం తీసేసినందుకే ఆయన బాగుపడ్డాడంటుంది.

రెండింటికి మెలకువ ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు నీళ్లు తాగి, పడుకునే కాలి వేళ్ల దగ్గర మొదలుపెడతాడు. చాలా రాత్రులు మోకాళ్లు దాటేసరికి నిద్ర పడుతుందట. తల దాకా వచ్చినా పట్టని రోజున టార్చిలైటు తీసుకుని తోటకు పోతాడు. ఎందుకు నాయనా, పగలే పెట్టుకోవచ్చు కదా అంటే, "ఎట్లాగూ మెలకువొచ్చె, కరెంటు ఊకె ఉండె, రెండు సాళ్లు తడిపిన" అంటాడు. ఆ రోజు పొద్దున కళ్లు ఎర్రగా ఉండవు.